చూడని కప్పుకు పేరైన మనిషి: హెన్రీ డెలోనే

ఆట అనగానే ఆడినవారే మనకు స్ఫురిస్తారు. గోలు కొట్టినవానిని భుజాల కెత్తుకుంటాము. ఆ పోటీని సంకల్పించి, నియమాలు కూర్చి, విముఖులను ఒప్పించిన కార్యదర్శిని తలచుకొనేవారు అరుదు. అట్టి ఒక కార్యదర్శి జీవితాన్ని సోదర విద్యార్థుల ముందుంచ దలచాము. ఆయనే ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ డెలోనే.

డెలోనే 1883 జూన్ 15న పారిస్‌లో జన్మించారు. యౌవనంలో ఆ నగరంలోనే ఒక క్లబ్బు తరఫున ఫుట్‌బాల్ ఆడి, పిమ్మట రెఫరీ అయ్యారు. ఒకనాటి ఆటలో బంతి ముఖానికి బలంగా తగిలి, నోటిలోని ఈలను మ్రింగారనీ, రెండు పళ్లు విరిగాయనీ చెబుతారు. ఆ దెబ్బతో ఆయన ఈలను విడిచారే గాని ఆటను విడువలేదు. 1919లో ఫ్రెంచి ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడినప్పుడు ప్రధాన కార్యదర్శి పదవి చేపట్టి, మరణపర్యంతం ఆ బాధ్యతను మోశారు.

ఆనాడు దేశాల జట్లకు పెద్ద పోటీ అంటే ఒలింపిక్స్. వృత్తి క్రీడాకారులకు అందులో చోటు లేదు. ఉత్తమ క్రీడాకారులు ఆడని పోటీలో నెగ్గిన జట్టు ఉత్తమమైనదెట్లవుతుందన్నది డెలోనే వాదం. సమాఖ్య అధ్యక్షుడు జూల్ రిమేతో కలిసి ఆయన చేసిన కృషి ఫలించి, 1928 ఆంస్టర్‌డాం మహాసభలో ప్రపంచ కప్పు తీర్మానం నెగ్గింది. 1930లో ఉరుగ్వేలో తొలి పోటీ జరిగింది.

ఆయనకు మరొక స్వప్నం కూడా ఉండేది. యూరప్ దేశాలకు ప్రత్యేకంగా ఒక కప్పు ఉండాలని 1927లోనే ఆస్ట్రియాకు చెందిన హ్యూగో మైజిల్‌తో కలిసి ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మూలబడింది. 1937లో మైజిల్ కన్నుమూశారు. పిదప రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధానంతరం ఖండమే రెండు శిబిరాలుగా చీలింది. అయినను డెలోనే ఆశ వదలలేదు.

1954 జూన్ 15న, సరిగా ఆయన 71వ జన్మదినాన, స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో యూరప్ ఫుట్‌బాల్ సంఘాల సమాఖ్య అవతరించింది. దాని తొలి ప్రధాన కార్యదర్శి డెలోనేయే. కల ఫలించే వేదిక సిద్ధమైంది. కాలం మాత్రం కరుణించలేదు. 1955 నవంబరు 9న ఆయన పరమపదించారు. ఆయన కుమారుడు పియెర్ ఆ పదవిని స్వీకరించి, తండ్రి సంకల్పాన్ని ముందుకు నడిపారు.

తొలి పోటీకి 17 దేశాలే ముందుకు వచ్చాయి. ఇంగ్లండు, ఇటలీ, పశ్చిమ జర్మనీ దూరంగా ఉన్నాయి. సోవియట్ జట్టుతో ఆడడానికి స్పెయిన్ పాలకుడు ఫ్రాంకో తన జట్టును పంపలేదు. ఇన్ని అవరోధాల నడుమ 1960 జూలై 10న, డెలోనే పుట్టిన పారిస్‌లోనే, తొలి ఫైనల్ జరిగింది. అదనపు సమయంలో సోవియట్ యూనియన్ 2-1 గోళ్లతో యుగోస్లావియాను ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో మన హైదరాబాదీ రహీం సాహెబ్ శిక్షణలోని భారత జట్టును ఓడించినది ఈ యుగోస్లావియాయే. విజేతలు అందుకొన్న కప్పుకు హెన్రీ డెలోనే పేరే పెట్టారు.

నాలుగు జట్లతో మొదలైన ఆ తుది పోటీ 1980లో 8, 1996లో 16, 2016లో 24 జట్లకు పెరిగింది. 2008లో కప్పును కొత్తగా, పెద్దదిగా చేయించారు. పేరు మాత్రం మార్చలేదు.

ఇరవై ఎనిమిదేండ్లు ఒకే సంకల్పాన్ని మోసి, దాని ఫలాన్ని కనులార చూడకుండానే వెళ్లిన డెలోనేను ఓడినవాడనవచ్చునా? అనరాదని మా అభిప్రాయం. మన కళాశాలలోను మైదానం గీతలు గీయించేవారు, జట్ల పట్టికలు వ్రాసేవారు, పోటీలకు నిధులు సమకూర్చేవారు ఉన్నారు. చప్పట్లు వారి వరకు చేరవు. ఇకపై చేరాలని ఆశిస్తున్నాము.