వజ్రం మిగిలింది.. వర్తకుడు మునిగాడు
నిజాం కేసులో గెలిచినా సర్వం కోల్పోయిన జాకబ్

యాదగిరిగుట్ట: ఈ ప్రాంతం నుంచి పనుల మీద హైదరాబాద్ వెళ్లేవారికి అబిడ్స్ పేరు సుపరిచితం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆంతరంగిక సేవకుడైన ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణం వల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు స్థిరపడింది. ఆ అబిడ్ మధ్యవర్తిత్వంలో సాగిన ఓ వజ్రం బేరం 1891లో కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. నిందితుడుగా నిలిచిన వ్యక్తి అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్.

ఎవరీ జాకబ్?
టర్కీ సామ్రాజ్యంలో జన్మించిన జాకబ్ యువకుడిగా ఉన్నప్పుడే బొంబాయి చేరుకున్నాడు. కాలక్రమేణా సిమ్లాలో రత్నాలు, పురాతన వస్తువుల వర్తకుడిగా ఖ్యాతి గడించాడు. సంస్థానాధీశులు, ఆంగ్ల అధికారులు ఆయన ఖాతాదారులు. ఆంగ్ల రచయిత కిప్లింగ్ 1901లో వెలువరించిన 'కిమ్' నవలలోని లర్గన్ పాత్రకు ఆయనే ప్రేరణ అని చెబుతారు.

బెడిసిన బేరం
లండన్‌లో అమ్మకానికి వచ్చిన ఓ భారీ వజ్రాన్ని తెప్పించి ఇస్తానని జాకబ్ నిజాంకు ప్రతిపాదించాడు. ధర 46 లక్షల రూపాయలుగా కుదిరింది. అందులో సగం, అనగా 23 లక్షలు, ముందుగా జమ అయింది. జాకబ్ సుమారు 21 లక్షలకే ఆ వజ్రాన్ని కొన్నాడు. ఇంతలో రాజ్యం ఆర్థిక స్థితి దృష్ట్యా ఈ కొనుగోలు తగదని బ్రిటిష్ రెసిడెంటు అభ్యంతరం తెలిపాడు. అంతకు ముందు ఏడాదే, 1890లో, పాలమూరుకు మహబూబ్‌నగర్ అని తన పేరు పెట్టించుకున్న పాలకునికి కూడా ఆ మాట కాదనే వీలు లేకపోయింది. రైతు కట్టే శిస్తే ఖజానాకు ఆధారమైన ఆ రోజుల్లో 23 లక్షలు అంటే సామాన్యమైన సొమ్ము కాదు. వజ్రం నచ్చలేదన్న నిజాం, సొమ్ము వాపసు కోరాడు. అది అప్పటికే ఖర్చయిపోయింది.

కోర్టులో తేలిందేమిటి?
నమ్మకద్రోహం నేరం కింద జాకబ్‌పై విచారణ జరిగింది. వాదమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ సొమ్ము అమానతుగా ఉంచినదా, లేక కొనుగోలు కింద ఇచ్చిన బయానానా? అమానతు అయితే వాడుకోవడం నేరం. బయానా అయితే అది తేల్చుకోవలసిన బాకీ మాత్రమే. నిజాం వాంగ్మూలాన్ని హైదరాబాద్‌లోనే కమిషన్ ద్వారా నమోదు చేశారు. ఓ పాలకుడు ఇలా సాక్ష్యం చెప్పవలసి రావడం అప్పట్లో పెద్ద అవమానంగా భావించారు. జ్యూరీ జాకబ్‌ను 1891 డిసెంబరులో నిర్దోషిగా తేల్చింది.

గెలిచినా ఓటమే
తీర్పు అనుకూలమైనా వర్తకం నిలవలేదు. న్యాయవాదుల ఖర్చు కుంగదీసింది. బాకీ పడిన రాజులు చెల్లించలేదు, సిమ్లా వైభవం కరిగిపోయింది. చివరకు రాజీలో వజ్రం నిజాంకే దక్కింది. దాన్ని ఆయన ఎన్నడూ ధరించలేదని, ఆయన మరణానంతరం కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు అది ఓ బూటులో దొరికిందని, కాగితాలపై బరువుగా వాడేవాడని చెబుతారు.

184.75 కారట్ల ఆ వజ్రాన్ని నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో పలుమార్లు ప్రదర్శించింది. జాకబ్‌పై మోపిన నమ్మకద్రోహం నేరం భారత శిక్షాస్మృతి నుంచి నేటి భారతీయ న్యాయ సంహితలోకి, 316వ సెక్షన్‌గా, 2024లో వచ్చింది. అమానతా, బయానానా అన్న వివాదం ఈనాటి స్థలాల బేరాల్లోనూ ఎదురవుతూనే ఉంది.

జాకబ్ 1921లో బొంబాయిలో నిరుపేదగా కన్నుమూశాడు. వజ్రానికి మాత్రం నేటికీ ఆయన పేరే.