కేటె కోల్‌విట్స్: ఒక తల్లి, ఒక శిల్పము

1914వ సంవత్సరము ఆగస్టు మాసమున బెర్లిన్ నగరములో ఒక డాక్టరుగారి యింట తండ్రీకొడుకుల నడుమ వాదము చెలరేగెను. కొడుకు పేటర్‌కు పదునెనిమిదేండ్లు. సైన్యములో చేరవలెనని అతని పట్టుదల. ఈడు చాలనందున తండ్రి సమ్మతి కావలెను. తండ్రి ససేమిరా యనెను. కుమారుడు మాటాడక తల్లివంక చూచెను. ఆమె లేచి భర్తను ఒప్పించెను. అక్టోబరు 22వ తేదీ రాత్రి బెల్జియములోని డిక్స్‌మూడ్ చెంత పేటర్ నేలకొరిగెను.

ఆ తల్లియే కేటె కోల్‌విట్స్. అప్పటికామె జర్మనీయంతయు ఎరిగిన చిత్రకారిణి.

1867లో కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించెను. తండ్రి న్యాయశాస్త్రము చదివియు, తన భావములకు ప్రష్యా ప్రభుత్వపు కొలువు పొసగదని తాపీపని నేర్చి ఇండ్లు కట్టించుచు బ్రదికినవాడు. ఆడపిల్లయని వెనుదీయక, కూతును చిత్రలేఖనము నేర్చుకొన బెర్లిన్, మ్యూనిక్ నగరములకు పంపినవాడు ఆయనయే. రంగులకన్న నలుపు తెలుపులే తనకు దగ్గరివని ఆమె గ్రహించి, లోహపు రేకులపైనను రాతిపలకలపైనను గీసి అచ్చుతీయు విద్యను చేపట్టెను. 1891లో కార్ల్ కోల్‌విట్స్ అను వైద్యుని పెండ్లాడెను. ఆయన వైద్యశాల కార్మికుల పేటలో నుండెను. అచటికి వచ్చు స్త్రీలు, పసివారు ఆమె చిత్రములలో చోటుచేసికొనిరి. తొలుత ఆమెను ఆకర్షించినది వారి దైన్యము కాదు, వారి రూపములోని సౌందర్యము. జాలి తరువాత వచ్చినది.

హౌప్ట్‌మన్ రచించిన నేతపనివారి నాటకమును 1893లో చూచి, ఆమె ఆరు చిత్రముల మాల నొకటి కూర్చెను. 1898లో దానికి బంగారు పతకమీయవలెనని నిర్ణేతలు కోరగా చక్రవర్తి రెండవ విల్హెల్మ్ నిరాకరించెను. పతకము తప్పినను కీర్తి తప్పలేదు.

కాని పేటర్ మరణించిన పిదప ఆమె కళ యొక ఋణము తీర్చుకొనుటవలె సాగెను. 1922 నాటికి పూర్తియైన ఏడు కొయ్యచెక్కడములలో యుద్ధరంగము ఎక్కడను కానరాదు. ఒకదానియందు మృత్యువు డోలు వాయించుచుండ యువకులు దాని వెంట పోవుచుందురు. మరియొకదానిలో తల్లి తన పసికందును బలిగా చేతులెత్తి అర్పించును. ఆ తల్లి యెవరో వేరుగ చెప్పనక్కరలేదు.

కొడుకునకు స్మారకశిల్పము చెక్కవలెనని 1914 డిసెంబరులోనే సంకల్పించెను. మొదట పడియున్న కుమారుని రూపమును తలచెను, అది కుదరలేదు. 1919లో పని విడిచి, యేండ్ల తరువాత మరల మొదలిడెను. చివరకు కుమారుని రూపము తొలగిపోయి మోకరిల్లిన తల్లిదండ్రులు మాత్రము మిగిలిరి. 1932లో ఆ విగ్రహములు బెల్జియములోని సైనికుల శ్మశానమున నిలిచెను.

1919లో ప్రష్యా కళాపరిషత్తునకు ఎన్నికైన ఈమెను 1933లో నాజీలు అందుండి వెడలగొట్టిరి. 1940లో భర్త మరణించెను. 1942లో, చనిపోయిన కొడుకు పేరే పెట్టుకొనిన మనుమడు పేటర్ రష్యా యుద్ధభూమిలో కూలెను. 1943లో బాంబులకు బెర్లిన్ ఇల్లు నాశనమయ్యెను. యుద్ధము ముగియుటకు కొలదిదినములు ముందు, 1945 ఏప్రిల్ 22న, మోరిట్స్‌బర్గ్‌లో ఆమె కన్నుమూసెను.

తరువాత పేటర్ సమాధిని వ్లాడ్స్‌లో శ్మశానమునకు మార్చినపుడు విగ్రహములను గూడ వెంట తీసికొనిపోయిరి. అచట తండ్రి చేతులు కట్టుకొని నిటారుగ మోకరిల్లియుండును. తల్లి తల వంచియుండును. పేటర్ పేరుగల రాతిపలక వారి యెదుటనే యున్నది.