నూనెకు పేరైన మనిషి: రుడాల్ఫ్ డీజిల్ జీవితం

లోకంలో కొందరి పేర్లు శిలాఫలకాలపై నిలుస్తాయి. కొందరివి గ్రంథాలలో నిలుస్తాయి. బహుకొద్దిమంది పేర్లు మాత్రమే సామాన్యుల నాలుకపై వస్తువుల పేర్లుగా మారి నిత్యం వినవస్తాయి. కాశీబుగ్గ వద్ద జాతీయ రహదారి ప్రక్కన లారీ నిలిపి డీజిల్ పోయించుకొనే డ్రైవరు గాని, ఉద్దానంలో మోటారు పంపు త్రిప్పే రైతు గాని తాము ఒక మనిషి పేరు పలుకుతున్నామని ఎరుగరు. చిత్రమేమనగా, ఆ మనిషి ఆ నూనెను కనిపెట్టలేదు. అతడు కనిపెట్టినది యంత్రాన్ని. ఆ యంత్రం ఒకే నూనెకు దాస్యం చేయవలెనని అతడు కోరుకోనూ లేదు. పెట్రోలుకు ప్రత్యామ్నాయం కొరకు దేశదేశాలు వెతుకులాడుతున్న ఈ కాలంలో అతని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచడం సముచితమని భావిస్తున్నాము.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించినాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడోర్ పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు, తోలు వస్తువులు కూడా చేసేవాడు. బాలుడు బడి ముగిసిన తరువాత సరుకులను తోపుడు బండిలో పెట్టుకొని ఇంటింటికీ చేర్చేవాడు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం సంభవించగా పారిస్‌లోని జర్మన్లు నగరం విడువవలసి వచ్చినది. ఆ కుటుంబం లండను చేరినది. అచట పూట గడవడమే కష్టమైనందున పన్నెండేళ్ల రుడాల్ఫును జర్మనీలోని ఆగ్స్‌బర్గులో బంధువుల ఇంటికి పంపివేసినారు. ఆ ఇంటి యజమాని బార్నికెల్ గణితోపాధ్యాయుడు. పరాయి పంచన చేరిన ఆ బాలునికి చదువే ఆశ్రయమైనది.

ఆగ్స్‌బర్గు పాఠశాలలో అతడు ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడైనాడు. 1875లో ఉపకార వేతనం లభించగా మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో చేరినాడు. శీతలీకరణ యంత్రాల నిర్మాణంలో ప్రసిద్ధుడైన కార్ల్ ఫాన్ లిండే అచట అతనికి గురువు. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో పదవవంతును మించి పనిగా మార్చలేదని, తక్కిన దంతా వృథా అవుతున్నదని ఆ గురువు ఒకనాటి పాఠంలో వివరించినాడు. తోటి విద్యార్థులు ఆ మాటను పరీక్ష కొరకు వ్రాసుకున్నారు. డీజిల్ దానిని జీవిత లక్ష్యంగా చేసుకున్నాడు. 1879లో టైఫాయిడ్ జ్వరం వలన పరీక్షకు కూర్చోలేకపోయినను, మరుసటి సంవత్సరం జనవరిలో పరీక్ష వ్రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

అనంతరం పారిస్‌లో గురువుగారి మంచు యంత్రాల వ్యాపారంలో ఉద్యోగం స్వీకరించినాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడినాడు. ముగ్గురు పిల్లలు కలిగినారు. ఉద్యోగం చేస్తూనే నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో యంత్రం నడుపబూనినాడు. ఒక ప్రయోగంలో యంత్రం ప్రేలిపోగా నెలల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినది. అయినను పట్టు విడువలేదు.

అతని ఆలోచనను విద్యార్థులు సులభంగా గ్రహింపవచ్చును. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మనమందరమూ ఎరిగినదే. గాలిని అణచినకొద్దీ దానికి వేడి పుడుతుంది. పెట్రోలు యంత్రంలో ఇంధనాన్ని, గాలిని కలిపి నిప్పురవ్వతో అంటించాలి. డీజిల్ భావించిన యంత్రంలో నిప్పురవ్వతో పనిలేదు. కేవలం గాలిని అత్యధికంగా అణచివేస్తే అది ఎఱ్ఱగా కాలిన ఇనుమంత వేడెక్కుతుంది. అప్పుడు అందులోకి ఇంధనాన్ని చిమ్మితే దానంతటదే మండుతుంది. అందుచేత సులభంగా ఆవిరయ్యే పెట్రోలు వంటి తేలిక ఇంధనమే కావలెననే నిర్బంధం ఆ యంత్రానికి లేదు. మొదట అతడు బొగ్గు పొడితో కూడా నడుపవచ్చునని తలచినాడు. ఈ భావనకు 1892లో పేటెంటు కోరినాడు. మరుసటి సంవత్సరం దానిని గ్రంథరూపంలో ప్రకటించినాడు.

అతని ఉద్దేశం కేవలం సాంకేతికమైనది కాదు. ఆవిరి యంత్రం పెద్దది, ఖరీదైనది. ధనికుల కర్మాగారాలకే అది అందుబాటులో ఉండేది. నేతగాడు, వడ్రంగి, చిన్న పనివాడు ఆ పోటీకి నిలువలేక మూలబడుతున్నారు. చిన్న కొట్టంలో కూడా నిలుపదగిన, అగ్గువ ఇంధనంతో నడిచే యంత్రం ఉంటే చిన్నవాడు తన కాళ్లపై తాను నిలబడగలడని డీజిల్ విశ్వసించినాడు. 1903లో శ్రామికుల పరస్పర సహకారాన్ని గురించి ఒక పుస్తకం కూడా వ్రాసినాడు. అట్టల పనివాని కుమారుడు తన తండ్రి దుకాణాన్ని మరువలేదనుటకు ఇది నిదర్శనం.

ఆగ్స్‌బర్గు యంత్రశాల అతనికి చేయూతనిచ్చినది. 1893 ఆగస్టు 10న మొదటి నమూనాలో ఇంధనం మండింది గాని, ఆ ఒత్తిడికి కొలత సాధనం పగిలి ముక్కలైనది. 1894 ఫిబ్రవరిలో యంత్రం సుమారు ఒక నిమిషం తనంతట తాను నడిచినది. మరి మూడేళ్ల పరిశ్రమ తరువాత, 1897 ఫిబ్రవరిలో ఆచార్య ష్రోటర్ జరిపిన పరీక్షలో ఇరవై అశ్వశక్తుల యంత్రం ఇంధనపు వేడిలో 26.2 శాతాన్ని పనిగా మార్చి చూపినది. లిండే పాఠానికి శిష్యుడు సమర్పించిన గురుదక్షిణ ఇది.

ఇచట ఒక పొరపాటును సవరించవలసి యున్నది. ఏటా ఆగస్టు 10న ప్రపంచ జీవ ఇంధన దినం జరుపుకుంటారు. 1893లో ఆనాడే డీజిల్ వేరుశనగ నూనెతో యంత్రం నడిపినాడని అనేకులు వ్రాస్తుంటారు. అది నిజం కాదు. ఆనాటి పరీక్షలో వాడినది పెట్రోలు. వేరుశనగ నూనె ముచ్చట జరిగినది 1900 సంవత్సరపు పారిస్ ప్రపంచ ప్రదర్శనలో. ఆఫ్రికా వలసలలో వేరుశనగ విరివిగా పండుతున్నందున, అచటి నూనెతోనే అచట యంత్రాలు నడుపవచ్చునా అని ఫ్రెంచి ప్రభుత్వం పరీక్షింపగోరినది. ఆటో కంపెనీ వారు ఒక చిన్న డీజిల్ యంత్రాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపినారు. యంత్రంలో మార్పేమీ చేయనందున, నూనె మారినదని చూపరులలో బహుకొద్దిమందే గుర్తించినారట. డీజిల్ తానుగా ఆ ప్రయోగం చేయకపోయినను, దాని అర్థాన్ని అందరికంటె బాగుగా గ్రహించినాడు. 1912లో తన ప్రసంగాలలో దానిని ప్రస్తావించి, చెట్ల నూనెలు నేడు అల్పంగా తోచినను ఒకనాడు భూగర్భ తైలంతో సమానమైన ప్రాధాన్యం పొందవచ్చునని, గనులు ఉడిగిన తరువాత కూడా సూర్యుని ఎండ నుండి శక్తి పొందవచ్చునని సూచించినాడు.

కీర్తి వచ్చినంతగా శాంతి రాలేదు. పేటెంటు వ్యాజ్యాలు, ఫలించని పెట్టుబడులు, పాడైన ఆరోగ్యం అతనిని క్రుంగదీసినవి. చిన్న పనివాని కొరకు తలపెట్టిన యంత్రం ఓడలకు, జలాంతర్గాములకు చేరినది. 1912లో డెన్మార్కులో నిర్మించిన సెలాండియా ఓడ డీజిల్ యంత్రాలతో మహాసముద్రాలు దాటినది. చిన్నవాని కొట్టం మాత్రం వెనుకబడిపోయినది. 1913 సెప్టెంబరు 29 సాయంకాలం ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడనెక్కి అతడు ఇంగ్లండుకు బయలుదేరినాడు. రాత్రి భోజనం చేసి, ఉదయం లేపవలసిందిగా చెప్పి గదిలోకి వెళ్లినాడు. తెల్లవారి చూడగా గది శూన్యం. పది దినాల తరువాత డచ్చి పడవవారికి సముద్రంలో ఒక దేహం కనబడగా, జేబులోని వస్తువులను కుమారుడు యూజెన్ గుర్తించినాడు. అప్పుల బాధ వలన తానే ప్రాణం తీసుకున్నాడని కొందరు, మరేదో కుట్ర జరిగినదని కొందరు తలచినారు. నిజం సర్వజ్ఞుడైన దైవానికే ఎరుక. అప్పటికి అతని వయస్సు యాభై అయిదేళ్లు.

అతని మరణానంతరం భూగర్భ తైలం అగ్గువగా, అపారంగా లభించినది. యంత్రాలను ఆ తైలానికి అనుగుణంగా దిద్దుకున్నారు. ఆ తైలానికే అతని పేరు పెట్టినారు. అన్ని నూనెలను ఆదరించే యంత్రాన్ని కోరినవాని పేరు ఒకే నూనెకు అంటుకొనిపోవడం విధి వైపరీత్యమే.

అయినను ఆ రెండవ దారి పూర్తిగా మూసుకుపోలేదు. పచ్చి చెట్టు నూనె చిక్కనిది. ఎక్కువ కాలం వాడితే యంత్రంలో మడ్డి పేరుకుంటుంది. 1937లో బెల్జియం శాస్త్రజ్ఞుడు షవాన్ నూనెను ఆల్కహాలుతో చర్య జరిపించి, గ్లిసరిన్‌ను వేరుచేసి పలుచబరచే పద్ధతికి పేటెంటు పొందినాడు. నేటి బయోడీజిల్‌కు అదే పునాది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరవై మన దేశంలో బొగ్గు వాయువుతో బస్సులు నడిచిన సంగతి పెద్దలు చెప్పగా విన్నవారు నేటికీ ఉన్నారు. నాటి ఆదిలాబాదు జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుండి నూనె తీసినారు. ఆ నూనె డీజిల్‌కు బదులుగా పనిచేయడం వలన తగ్గనున్న 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. మొత్తం చిన్నదే. కాని డీజిల్ కలలోని చిన్నవాడు ఆ గూడెంలో కొంత కనబడుతున్నాడు.

మా ప్రాంతం మాట ఏమి? పలాస మీదుగా పోయే హౌరా–చెన్నై రైలు మార్గం 2005 నాటికి విద్యుదీకరింపబడినది. 2025లో దేశమంతటా పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపడం సాధ్యమైనది. బయోడీజిల్ మాత్రం బహుదూరం వెనుకబడి యున్నది. దేశమంతటా ఆముదపు జాతికి చెందిన జట్రోఫాపై పెంచుకున్న ఆశలు కూడా ఫలించలేదు. ఉద్దానంలో జీడి తొక్కలో ఘాటైన నల్లని నూనె కలదు. దానిని శుద్ధి చేసి డీజిల్‌లో కలిపి పరిశోధకులు పరీక్షించినారు. కాని ఆ నూనే జీడి పిక్కలు కొట్టే మా స్త్రీల చేతులను కాల్చి నల్లబరచుచున్నది. ఆ చేతులకు ఏమి లాభమని అడుగకుండా ఆ నూనెను కొత్త సంపదగా లెక్కించడం న్యాయం కాదు. అట్లే వేరుశనగ నూనె పేదవాని వంటింటి సొత్తు. యంత్రాన్ని మేపుటకు పొయ్యిని ఆర్పరాదు. కానుగ, వాడి పారవేసిన వంటనూనె వంటివి ఈ దోషం లేని మార్గాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జీడి, కొబ్బరి తోటలను కూల్చినది. బండ్లు తక్కువగా నడిపే రైతే ఆనాడు ఎక్కువ నష్టపోయినాడు. వేడెక్కుతున్న సముద్రం తుపానులకు బలమిస్తున్నదని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. కావున ఇంధనం మార్పు మాకు దూరదేశపు వార్త కాదు.

భూమిపైనున్న సంపద మనకు అమానతుగా ఇవ్వబడినదని మా పెద్దలు నేర్పినారు. అమానతు సొమ్మును ఒకే తరం తినివేయరాదు. పలాస విద్యార్థులు రసాయన ప్రయోగశాలలో కానుగ నూనెను పరీక్షించునప్పుడు ఏ ఇంధనం అని మాత్రమే కాక, అది ఎవరి కొరకు అని కూడా అడుగవలెను. రుడాల్ఫ్ డీజిల్ తన యౌవనంలో అడిగిన ప్రశ్న అదే. దానికి సమాధానం చూడకుండానే అతడు వెళ్లిపోయినాడు. ఆ సమాధానం వెదకుట నేటి విద్యార్థుల వంతు.