వాల్‌చంద్ హీరాచంద్: అనుమతులన్నీ ప్రత్యర్థి చేతిలో ఉన్న రోజుల్లో ఓడలు, విమానాలు, కార్ల పరిశ్రమలు ఎలా మొదలుపెట్టారు?

విశాఖపట్నంలో మల్కాపురం వైపు వెళ్లే సిటీ బస్సులో 'సింధియా' అనే స్టాపు పేరు తెలియనివారు ఉండరు. నిజానికి అది గ్వాలియర్ రాజవంశం పేరు. ఎక్కడో మధ్య భారతంలోని రాజుల పేరు బంగాళాఖాతం ఒడ్డుకు ఒక ఓడల కంపెనీ ద్వారా వచ్చింది. ఆ కంపెనీని నడిపి, విశాఖలో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్ పేరు మాత్రం ఆ చుట్టుపక్కల పెద్దగా వినిపించదు.

విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్, బెంగళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్), ముంబయి రోడ్లపై దశాబ్దాలపాటు తిరిగిన పద్మిని ట్యాక్సీలను తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్... ఈ మూడింటి మూలాలూ వాల్‌చంద్ దగ్గరే ఉన్నాయి. మొదటి రెండూ ఆయన బతికుండగానే ప్రభుత్వం చేతిలోకి వెళ్లిపోయాయి.

వ్యాపారం మొదలుపెట్టాలంటే పెట్టుబడి, ఆలోచన, ధైర్యం కావాలని అందరూ చెబుతారు. వాల్‌చంద్‌కు ఆ మూడూ ఉన్నాయి. ఆయన ఎదుర్కొన్న చిక్కు వేరు. ఏ రంగంలోకి వెళ్లినా అనుమతి ఇవ్వాల్సింది, ఆర్డర్లు ఇవ్వాల్సింది, విదేశీ యంత్రాలను రానివ్వాల్సింది బ్రిటిష్ ప్రభుత్వమే. ఆ ప్రభుత్వం అండ ఉన్నది ఆయన ప్రత్యర్థులకు.

అప్పుల వ్యాపారం వద్దని..

వాల్‌చంద్ 1882 నవంబర్ 23న షోలాపూర్‌లో పుట్టారు. వారిది సౌరాష్ట్ర నుంచి వలస వచ్చిన గుజరాతీ జైన కుటుంబం. వడ్డీ వ్యాపారం, పత్తి వ్యాపారం చేసేవారు. ఆయన పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయారు. ముంబయి, పుణెల్లో కాలేజీ చదువు మొదలుపెట్టినా డిగ్రీ పూర్తి చేయలేదు. ఇంటికి తిరిగొచ్చి కుటుంబ వ్యాపారంలో చేరినా అందులో మనసు నిలవలేదు.

అప్పుడు పరిచయమైన వ్యక్తి లక్ష్మణరావు ఫాటక్. ఆయన రైల్వేలో గుమాస్తాగా పనిచేసి, కాంట్రాక్టులు చేద్దామనుకుంటున్నారు. రైల్వే పని ఎలా జరుగుతుందో ఫాటక్‌కు తెలుసు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలో వాల్‌చంద్‌కు తెలుసు. ఇద్దరూ కలిసి బార్శీ లైట్ రైల్వేలో ఒక చిన్న లైను పని తీసుకున్నారు. ఫాటక్-వాల్‌చంద్ సంస్థ అలా మొదలైంది.

తన దగ్గర లేని నైపుణ్యం ఉన్నవారిని వెతికి భాగస్వామిగా చేసుకోవడం ఆయన జీవితమంతా పాటించిన పద్ధతి. కులం, బంధుత్వం చూసి భాగస్వాములను ఎంచుకునే కాలంలో, ఒక జైన వడ్డీ వ్యాపారి కొడుకు మరాఠీ బ్రాహ్మణ గుమాస్తాతో కలిసి సంస్థ పెట్టడం మామూలు విషయం కాదు.

కాంట్రాక్టు పనిలో కూలీలకు, సామగ్రికి ముందు సొంత డబ్బు పెట్టాలి. బిల్లు తర్వాత ఎప్పుడో వస్తుంది. పెద్ద సంఖ్యలో మనుషులను ఒకచోట చేర్చి, గడువులోపు పని పూర్తి చేయించడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆయన సంస్థలు భోర్ ఘాట్‌లో రైల్వే సొరంగాలు తవ్వాయి. ముంబయికి తాన్సా నీళ్లు తెచ్చే పైపులైను వేశాయి. 1926లో ఆరంభమైన హిందుస్తాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కూడా ఆయనదే.

తొందరపడి కొన్న ఓడ

1919లో దిల్లీ నుంచి బొంబాయికి రైల్లో వస్తుండగా, ఒక ఓడ అమ్మకానికి ఉందని వాల్‌చంద్ చెవిన పడింది. ఒకప్పుడు 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' పేరుతో కెనడియన్ పసిఫిక్ సంస్థ నడిపిన ప్రయాణికుల నౌక అది. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో గ్వాలియర్ మహారాజు సింధియా దాన్ని కొని, ఆసుపత్రి ఓడగా మార్చి 'లాయల్టీ' అని పేరు పెట్టారు. యుద్ధం ముగియడంతో దాంతో పని లేకుండా పోయింది.

యుద్ధంలో ఎన్నో నౌకలు మునిగిపోయాయి. మిగిలిన వాటికి గిరాకీ విపరీతంగా ఉంది. వాల్‌చంద్ ఆలస్యం చేయలేదు. మిల్లుల యజమాని నరోత్తమ్ మొరార్జీ, లల్లూభాయ్ సామల్‌దాస్, కిలాచంద్ దేవ్‌చంద్‌లను కలుపుకొని ఓడ కొన్నారు. అలా పుట్టిన కంపెనీకి ఓడ పాత యజమాని పేరే పెట్టారు. అదే సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ.

1919 ఏప్రిల్ 5న 'లాయల్టీ' బొంబాయి నుంచి బ్రిటన్‌కు బయలుదేరింది. ఇప్పుడు దేశంలో ఏటా ఏప్రిల్ 5ను జాతీయ సముద్రయాన దినోత్సవంగా జరుపుకొంటున్నది అందుకే.

వ్యాపారపరంగా చూస్తే మాత్రం ఆ ఓడ ఎంపిక సరైంది కాదు. అది 1891 నాటి పాత నౌక. ప్రయాణికుల కోసం కట్టింది కావడంతో సరుకు రవాణాకు అంతగా పనికిరాలేదు. మరమ్మతులకు డబ్బు నీళ్లలా ఖర్చయింది. నాలుగేళ్లు తిరగకముందే 1923లో దాన్ని తుక్కు కింద అమ్మేశారు. ఓడ పోయింది కానీ, దాని కోసం పెట్టిన కంపెనీ నిలబడింది.

రిబేటు అనే ఉచ్చు

భారత తీరంలో సరుకు రవాణా అప్పట్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది. దాని అధినేత లార్డ్ ఇంచ్‌కేప్. కాకినాడ, విశాఖ రేవుల నుంచి పొట్టచేత పట్టుకుని రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలు ఎక్కిందీ ఆ కంపెనీ స్టీమర్లే.

కొత్తగా ఎవరు వచ్చినా ఆ కంపెనీ రెండు ఆయుధాలు వాడేది. ఒకటి, ప్రత్యర్థి తట్టుకోలేనంతగా ధరలు తగ్గించడం. రెండోది, వాయిదా రిబేటు. వ్యాపారులు కట్టిన రవాణా చార్జీలో కొంత భాగాన్ని కొన్ని నెలల తర్వాత తిరిగి ఇస్తారు. ఈలోగా ఒక్కసారి వేరే కంపెనీ ఓడలో సరుకు పంపినా ఆ డబ్బు పోయినట్టే. దాంతో దేశాభిమానం ఉన్న వ్యాపారి కూడా దేశీ ఓడ ఎక్కించడానికి జంకేవాడు.

అంతకుముందు జంషెడ్జీ టాటా మొదలుపెట్టిన ఓడల సర్వీసు ఇలాంటి పోటీలోనే మూతపడింది. 1906లో తూత్తుకుడిలో స్వదేశీ నౌకా కంపెనీ పెట్టిన వి.ఓ.చిదంబరం పిళ్లై 1908లో రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. ఆయన బయటికి వచ్చేలోపే కంపెనీ మూతపడింది.

సింధియా ముందు కూడా అదే దారి కనిపించింది. ధరల యుద్ధంలో నష్టాలు పేరుకున్నాయి. చివరికి 1923లో బ్రిటిష్ కంపెనీలతో పదేళ్ల ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సింధియా తీర రవాణాకే పరిమితం కావాలి. ఓడల సామర్థ్యాన్ని నిర్ణయించిన హద్దు దాటి పెంచుకోకూడదు. దీనికి బదులుగా ధరల యుద్ధం ఆగుతుంది.

వాల్‌చంద్‌కు ఈ ఒప్పందం రుచించలేదు. విదేశాలకు ఓడలు నడపాలని మొదలుపెట్టిన కంపెనీకి అది కాళ్లకు సంకెళ్లే. కానీ పట్టుదలకు పోయి ఉంటే సింధియాకు కూడా ముందు వచ్చినవారి గతే పట్టేదేమో. ఒప్పందం వల్ల కంపెనీకి ఊపిరి తీసుకునే సమయం దొరికింది. 1929లో నరోత్తమ్ మొరార్జీ మరణించాక వాల్‌చంద్ చైర్మన్ అయ్యారు.

పోరాటం ఓడరేవుల్లోనే ఆగలేదు. తీర రవాణాను భారతీయ నౌకలకే కేటాయించాలంటూ 1928లో సారాభాయ్ హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. కానీ ఓడల వ్యాపారం అప్పటి నుంచి జాతీయోద్యమ చర్చల్లోకి వచ్చింది. భారతీయ వ్యాపారుల సమాఖ్య ఫిక్కీకి తర్వాతి కాలంలో వాల్‌చంద్ అధ్యక్షుడిగానూ పనిచేశారు. చట్టాలు చేసేచోట తన గొంతు వినిపించకపోతే రేవులో ఎంత కష్టపడ్డా లాభం లేదని ఆయన గుర్తించారు.

ఓడలకు ముందు మనుషులు

ఓడ కొనడం ఒక ఎత్తు, నడిపే అధికారులను తయారుచేసుకోవడం మరో ఎత్తు. ఓడలపై భారతీయులు ఖలాసీలుగా, బొగ్గు వేసేవారిగా ఉండేవారు తప్ప కెప్టెన్, చీఫ్ ఇంజినీర్ వంటి హోదాలు వారికి దక్కేవి కావు. 1927లో బొంబాయిలో 'డఫరిన్' శిక్షణ నౌక మొదలైంది. అందులో శిక్షణ పొందిన కుర్రాళ్లను అధికారులుగా తీసుకోవడానికి బ్రిటిష్ కంపెనీలు ముందుకు రాలేదు. వారికి సింధియా చోటిచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశానికి సొంత నావికాధికారులు కొందరైనా ఉన్నారంటే ఇది ఒక ముఖ్య కారణం.

రోజువారీ పాలనను వాల్‌చంద్ తన చేతిలోనే పెట్టుకోలేదు. సింధియాలో లెక్కలు, వాదనలు, ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు జనరల్ మేనేజర్ ఎం.ఎ.మాస్టర్ చూసేవారు. తమ్ముళ్లు ఇతర సంస్థలను నడిపారు. నాసిక్ ప్రాంతంలో రావల్‌గావ్ దగ్గర, పుణె జిల్లాలో తర్వాత వాల్‌చంద్‌నగర్‌గా మారిన చోట చెరకు తోటలు, చక్కెర మిల్లులు వెలిశాయి. ఒక పనిని నమ్మకమైనవారికి అప్పగించి తాను తర్వాతి పనికి వెళ్లడం వల్లే ఒకే జీవితంలో ఇన్ని రంగాలు సాధ్యమయ్యాయి.

విమానంలో పుట్టిన విమానాల ఫ్యాక్టరీ

1939లో కార్ల తయారీపై చర్చల కోసం వాల్‌చంద్ అమెరికా వెళ్లారు. పసిఫిక్ మీదుగా తిరిగి వస్తున్న విమానంలో విలియం పాలీ అనే అమెరికన్ కలిశారు. చైనాలో విమానాల ఫ్యాక్టరీ నడుపుతున్న వ్యక్తి ఆయన. చైనాలో చేయగలిగింది భారత్‌లో ఎందుకు చేయలేమన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది.

మామూలు రోజుల్లో అయితే బ్రిటిష్ ప్రభుత్వం ఈ ప్రతిపాదనను పక్కన పడేసేది. రెండో ప్రపంచ యుద్ధం పరిస్థితిని మార్చింది. బ్రిటన్ నుంచి విమానాలు వచ్చే అవకాశం లేదు. తూర్పున జపాన్ భయం పెరుగుతోంది. మైసూర్ సంస్థాన దివాన్ మీర్జా ఇస్మాయిల్ బెంగళూరులో స్థలం ఇచ్చి, సంస్థానం తరఫున పెట్టుబడి కూడా పెట్టించారు. 1940 డిసెంబర్‌లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ లిమిటెడ్ రిజిస్టర్ అయింది. మరుసటి ఏడాదే అక్కడ కూర్చిన హార్లో శిక్షణ విమానం గాల్లోకి లేచింది.

కానీ కొనుగోలుదారు ఒక్కరే. ఆ కొనుగోలుదారే అనుమతులిచ్చే ప్రభుత్వం కూడా. 1941లో వాటాదారుగా చేరిన భారత ప్రభుత్వం, జపాన్ యుద్ధంలోకి దిగాక 1942లో వాల్‌చంద్, ఆయన సహచరుల వాటాను కొనేసింది. కంపెనీ పుట్టి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు.

విశాఖ తీరంలో

ఓడలు నడపడంతో పాటు ఇక్కడే కట్టాలన్నది సింధియా పాత కోరిక. మొదట కలకత్తాలో ప్రయత్నించారు. అక్కడ అనువైన స్థలం దొరకలేదు. డాల్ఫిన్ కొండ అండగా ఉన్న విశాఖ రేవు 1933లోనే ప్రారంభమైంది. రైలు మార్గమూ ఉంది. దాంతో చూపు ఇటు తిరిగింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. వైస్రాయినో, గవర్నర్‌నో కాకుండా కాంగ్రెస్ నాయకుడిని పిలవడమే ఒక ప్రకటన.

యుద్ధ సమయంలో యంత్రాల దిగుమతికి ప్రభుత్వం సహకరించలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేయడంతో పనులు దెబ్బతిన్నాయి. యుద్ధం ముగిశాక మళ్లీ ఊపందుకుని, 1948 మార్చి 14న 'జల ఉష'ను ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. సుమారు 8,000 టన్నుల నౌక అది.

స్వతంత్ర ప్రభుత్వం వచ్చినా లెక్కలు కుదరలేదు. విశాఖలో ఓడ కట్టడానికయ్యే ఖర్చు బ్రిటన్ ధరకంటే ఎక్కువ. ప్రభుత్వ సాయం లేకుండా ఒక ప్రైవేటు కంపెనీ ఆ భారం మోయలేదు. 1952లో మూడింట రెండు వంతుల వాటా ప్రభుత్వానికి వెళ్లి, హిందుస్తాన్ షిప్‌యార్డ్ ఏర్పడింది. 1961లో అది పూర్తిగా ప్రభుత్వ సంస్థ అయింది.

మూడోది మాత్రం ఆయన సంస్థల చేతిలోనే ఉంది. ఫోర్డ్‌తో చర్చలు ఫలించకపోయినా క్రైస్లర్‌తో ఒప్పందం కుదిరింది. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఏర్పడింది. కార్లు కొనేది ఒక్క ప్రభుత్వమే కాదు. మార్కెట్లో వేలమంది కొనుగోలుదారులు ఉంటారు. మిగతా రెండింటికీ దీనికీ ఉన్న తేడా అదే.

గెలిచారా, ఓడారా?

వాల్‌చంద్‌ను ఉత్త దేశభక్తుడిగా చూపడం సరికాదు. ఆయన తొలి సంపద బ్రిటిష్ ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచే వచ్చింది. ఒకవైపు కాంగ్రెస్‌కు దగ్గరగా ఉంటూనే, మరోవైపు అదే ప్రభుత్వంతో కలిసి యుద్ధ విమానాల ఫ్యాక్టరీ పెట్టారు. స్వదేశీ నినాదం ఆయనకు నమ్మకమూ, వ్యాపార అవసరమూ కూడా. రెండింటినీ వేరుచేసి చూపే ప్రయత్నం ఆయన కూడా పెద్దగా చేయలేదు.

ఆయన బలాలూ, బలహీనతలూ ఒకచోటి నుంచే వచ్చాయి. సంక్షోభంలో తెరుచుకునే తలుపును అందరికంటే ముందు చూడగలిగారు. 'లాయల్టీ' కొనుగోలు, విమానాల ఫ్యాక్టరీ రెండూ యుద్ధాలు తెచ్చిన అవకాశాలే. అయితే సంక్షోభం ఇచ్చిన అవకాశాన్ని సంక్షోభమే తీసుకుపోగలదు. కొనేవాడూ, అనుమతిచ్చేవాడూ ఒకరే అయినచోట యాజమాన్యం ఎప్పటికైనా చేజారుతుందని బెంగళూరు, విశాఖ అనుభవాలు చెబుతాయి. రక్షణ, అంతరిక్ష రంగాల్లోకి ఇప్పుడు అడుగుపెడుతున్న కొత్త సంస్థలకు ఈ ప్రశ్న పాతది కాదు.

1949లో పక్షవాతం రావడంతో వాల్‌చంద్ మరుసటి ఏడాది వ్యాపారాల నుంచి తప్పుకున్నారు. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధ్‌పూర్‌లో కన్నుమూశారు. 'లాయల్టీ' బొంబాయి రేవు వదిలిన తేదీకి అప్పటికి సరిగ్గా 34 ఏళ్ల మూడు రోజులు.

ఆయన వారసత్వం తర్వాత ముక్కలుముక్కలుగా చెదిరింది. పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబర్‌లో ముంబయి రోడ్లపై చివరిసారి తిరిగాయి. రావల్‌గావ్ చాక్లెట్ల బ్రాండ్లను 2024లో రిలయన్స్ కొనేసింది. చేజారిపోయిన రెండు సంస్థలు మాత్రం ఇప్పటికీ పనిచేస్తున్నాయి. బెంగళూరులో విమానాలు తయారవుతున్నాయి, విశాఖలో షిఫ్టు సైరన్ మోగుతోంది.