హెలేనా మోద్జెయెవ్‌స్కా: పోలండు నటీమణి

ఐరోపా ఖండమున పోలండు అను దేశము 1795 మొదలు 1918 వరకు భూపటమున లేకుండెను. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు దానిని మూడు పర్యాయములుగా పంచుకొని మ్రింగివేసినవి. రాజ్యము పోయినను భాష పోలేదు. రష్యా పాలనలోని వార్సా నగరమున బడులలోను కచేరీలలోను రష్యను భాషయే చెల్లుచుండ, పోలిష్ భాష నలుగురి యెదుట బిగ్గరగా వినవచ్చిన తావులలో నాటకశాల యొకటి. అట్టి నాటకశాలలో పేరుగాంచి, సముద్రములు దాటి పరభాషలో కీర్తి గడించియు స్వభాషను విడువని హెలేనా మోద్జెయెవ్‌స్కా చరిత్రము మన పాఠకులు తెలిసికొనదగినది.

ఆమె 1840 అక్టోబరు 12వ తేదీన క్రాకోవ్ నగరమున జన్మించెను. గుస్తావ్ జిమాయెర్ అను నటుడు ఆమెను రంగస్థలమునకు తెచ్చెను. 1861లో ఉప్పుగనులకు పేరుపడిన బొఖ్‌నియా అను చిన్న పట్టణమున ఆమె తొలుత వేషము కట్టెను. ఆతని రంగనామమే ఆమెకును వచ్చి స్థిరపడినది. ఊరూరు తిరుగు సమాజములో, చంకలో బిడ్డతో, ఆమె తన విద్య నేర్చుకొనెను. ఆ కాలముననే చిన్న కుమార్తె మరణించెను. 1865లో జిమాయెర్‌ను విడిచి కుమారునితో క్రాకోవ్ చేరెను. 1868లో కారొల్ ఖ్వపోవ్‌స్కి యను భూస్వామి వంశీయుని వివాహమాడెను. నటీమణిని కులీనుడు పెండ్లియాడుట నాడు సామాన్యవిషయము కాదు.

పిమ్మట వార్సాలో ఆమె ప్రధాననటి యయ్యెను. అచ్చట జరిగిన యొక సంగతి చెప్పక తప్పదు. ఒకనాటి ప్రదర్శనమున పదునేడుగురు విద్యార్థులు ఆమెకు పూలగుత్తి నర్పించిరి. దానికి చుట్టిన పట్టుపట్టీ ఎరుపు, తెలుపు రంగులది. అవి పోలండు జాతీయవర్ణములు. ప్రభుత్వము దీనిని రాజద్రోహముగా నెంచి ఆ పిల్లలను బడినుండి వెడలగొట్టి, మరి యే బడిలోను చేర్చుకొనరాదని శాసించెను. వారిలో నొక బాలుడు తుపాకితో కాల్చుకొని మరణించెను. ఆ బాలుని అంత్యక్రియలకు ఆమె స్వయముగా వెళ్లెను. పాలకుల కన్ను తనపై బడునని యెరిగియే వెళ్లినదనుటలో సందేహము లేదు.

1876లో ఆమె భర్తతోను, కొందరు మిత్రులతోను అమెరికాకు వలసపోయెను. మిత్రులలో హెన్రిక్ షెన్‌కీవిచ్ ఒకడు. ఆతడే 1905లో నోబెల్ బహుమానము పొందిన నవలాకారుడు. కాలిఫోర్నియాలో అనహైమ్ అనుచోట వ్యవసాయము చేసికొని సుఖముగా జీవింపవలెనని వారి సంకల్పము. కవిత్వము తెలిసినవారే గాని సేద్యము తెలిసినవారు వారిలో లేరు. ధనము కరగిపోయినది, తోట ఫలింపలేదు. అప్పుడామె ముప్పదియారేండ్ల వయస్సున ఆంగ్లభాష నేర్వ బూనుకొనెను. కొలది నెలలలోనే సాధించి, 1877 ఆగస్టు 20వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంగ్లమున నటించి ప్రేక్షకులను మెప్పించెను. అచ్చటివారి నాలుక తిరుగదని ఆమె పేరును మోజెస్కా అని కుదించిరి. ఉచ్చారణలో స్వదేశపు యాస మాత్రము కడవరకు పోలేదు. అమెరికావారు దానినే ఇంపుగా నెంచిరి.

ఒక విందులో ఆమెను పోలిష్ భాషలో ఏదైన చదువుమని కోరిరట. ఆమె గద్గదస్వరమున చదువుచుండ, భాష తెలియని అతిథులు కన్నీరు కార్చిరట. తీరా చూడగా ఆమె చదివినది ఆ భాషయొక్క అక్షరమాల! ఈ కథ యెంతవరకు నిజమో గాని, ఆమె శక్తిని గూర్చి లోకమేమని తలచినదో దీనివలన తెలియును.

ఆమె షేక్స్‌పియర్ నాయికలుగా అమెరికా యంతటను, లండనులోను నటించెను. 1883లో లూయీవిల్ నగరమున ఇబ్సెన్ వ్రాసిన బొమ్మల యిల్లు నాటకమును ప్రదర్శించెను. ఆ దేశమున ఆ నాటకము తొలి ప్రదర్శనలలో అదియొకటి. ఇంతటి కీర్తి వచ్చినను పలుమారులు స్వదేశమునకు వచ్చి పోలిష్ భాషలోనే నటించుచుండెను. షికాగోలో వలసవచ్చిన పోలండు కార్మికులు పెక్కుమంది యుండిరి. వారిలోని ఔత్సాహిక నటులతో గూడియు ఆమె వేషము వేసినది. మహారంగముల నేలిన నటి, పగలెల్ల కర్మాగారములలో పనిచేసి రాత్రి పాఠము వల్లించువారి ప్రక్కన నిలుచుట మాకు ఆమె గొప్పవేషములకంటె మిన్నగా తోచుచున్నది.

1893లో షికాగో ప్రపంచప్రదర్శనము సందర్భమున జరిగిన మహిళామహాసభలో ఆమె పోలండు స్త్రీల దుస్థితిని నిర్భయముగా వర్ణించెను. దాని ఫలితము కన్పట్టినది. రష్యా సామ్రాజ్యమున అడుగిడరాదని ఆమెకు నిషేధము విధింపబడెను. తన భాషకు వినికిడి యిచ్చిన వార్సా రంగస్థలమే ఆమెకు మూయబడినది. ఆస్ట్రియా పాలనలోని క్రాకోవ్ మాత్రము తెరచియుండెను.

1905లో న్యూయార్కున సంగీత విద్వాంసుడు పాదెరెవ్‌స్కి పూనికతో ఆమెకు సన్మాన ప్రదర్శనము జరిగెను. 1909 ఏప్రిల్ 8వ తేదీన ఆమె కాలిఫోర్నియాలో మరణించెను. భౌతికకాయమును క్రాకోవ్‌నకు కొనివచ్చి రకోవిత్స్కి శ్మశానవాటికలో ఖననము చేసిరి. స్వతంత్ర పోలండును చూచుటకు ఆమె నోచుకొనలేదు. అది వచ్చుటకు మరి తొమ్మిదేండ్లు పట్టెను. ఆమె కుమారుడు రాల్ఫ్ అమెరికాలో ప్రఖ్యాతి కెక్కిన వంతెనల ఇంజనీరు. ఫిలడెల్ఫియాలో 1926లో తెరచిన మహాసేతువు నిర్మాణమునకు ఆతడే ప్రధానుడు. క్రాకోవ్‌లోని ప్రాచీన నాటకశాల నేడు ఆమె పేరనే వెలయుచున్నది, అందు నాటకములు పోలిష్ భాషలో జరుగుచున్నవి.