జగదీశ్ చంద్ర బోస్: ముందు కొలిచి, తర్వాత కట్టిన మనిషి

నాకు స్కూల్ నుంచి తెలిసిన బోస్, మొక్కలకూ స్పందన ఉందని చూపించిన సైంటిస్టు. అంతే. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఆయన యాంటెన్నాల మనిషి అని మొన్నటిదాకా తెలీదు. తెలియడానికి కారణం మా ప్రాజెక్టు చెడిపోవడం.

నేను సీఎస్ఈ. ఇద్దరు ఈసీఈ ఫ్రెండ్స్‌తో కలిసి ఒక సెన్సర్ బోర్డుకి 2.45 గిగాహెర్ట్జ్ ప్యాచ్ యాంటెన్నా చేస్తున్నాం. సిమ్యులేషన్‌లో గ్రాఫ్ సరిగ్గా 2.45 దగ్గర లోయలా దిగింది. సంబరపడ్డాం. బోర్డు చేయించి ల్యాబ్‌లో కొలిస్తే లోయ 2.54 దగ్గర ఉంది. రివ్యూకి పది రోజులే. తప్పెక్కడ అని వెతుకుతుంటే, ఒక పదార్థం విలువ తరంగాన్ని బట్టి మారుతుందని 1890లలోనే కొలిచి చూపినాయన పేరు తగిలింది. బోస్.

ఆయన 1858 నవంబర్ 30న మైమెన్‌సింగ్‌లో పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ హోదా వాళ్లు పిల్లల్ని ఇంగ్లిష్ స్కూల్‌కి పంపే రోజుల్లో కొడుకుని బెంగాలీ బడిలో వేశాడు. ముందు సొంత భాష రావాలని ఆయన పట్టుదల. అక్కడ జగదీశ్ పక్కన కూర్చున్నది ఒక జాలరి కొడుకు, ఇంట్లో పనిచేసే ముస్లిం మనిషి కొడుకు. ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం నాది. ఈ వ్యాసంలో వక్రీభవన గుణకం అనే మాట మా అమ్మని అడిగి రాశాను. రిఫ్రాక్టివ్ ఇండెక్స్ అంటే మీకూ నాలాగే వెంటనే వెలుగుతుందేమో!

తర్వాత కలకత్తాలో సెయింట్ జేవియర్స్, ఆపైన లండన్‌లో వైద్యం. ఒంట్లో బాగోక అది వదిలి కేంబ్రిడ్జిలో సైన్సు చదివాడు. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. అదే పనికి తెల్లవాళ్లకంటే భారతీయులకు తక్కువ జీతం. బోస్ గొడవ చేయలేదు, పాఠాలు మానలేదు, జీతం మాత్రం ముట్టలేదు. మూడేళ్లు! చివరికి పూర్తి జీతం, పాత బాకీతో సహా ఇచ్చారు.

అసలు కథ 1894లో మొదలవుతుంది. అప్పటికి హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని నిరూపించి, 36 ఏళ్లకే చనిపోయాడు. ఆయన తరంగాలు పెద్దవి. ప్రిజం పరీక్షకి ఐదు వందల కిలోలు దాటిన తారు దిమ్మె పోత పోయాల్సొచ్చింది. ఎందుకంటే పరికరం తరంగదైర్ఘ్యం కంటే బాగా పెద్దగా ఉండాలి. బోస్‌కి పెద్ద ల్యాబ్ లేదు, డబ్బూ లేదు. అందుకని పరికరాన్ని పెంచకుండా తరంగాన్నే కుదించాడు. అర సెంటీమీటరు దాకా తెచ్చాడు. మన లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్. ఇప్పుడు 5జీ వాళ్లు మిల్లీమీటర్ వేవ్ అని గొప్పగా చెప్పుకునే వైపే. దాంతో సామానంతా ఒక బల్ల మీదకి వచ్చేసింది.

ఆ సామాను చూడండి. స్పార్క్ పుట్టడానికి ప్లాటినం. తరంగాల్ని పట్టడానికి గరాటులాంటి రేకు గొట్టం, అదే మన హార్న్ యాంటెన్నా. కటకాలు గంధకంతో. ధ్రువణం చూడటానికి మెలిపెట్టిన జనపనార కట్ట, ఇంకా ఒక రైల్వే టైంటేబుల్ పుస్తకం! పేజీల మధ్య తగరపు రేకులు పెడితే అది ఒక దిశ తరంగాల్నే పోనిచ్చింది. స్పార్క్ కాయిల్ శబ్దం రిసీవర్‌లోకి దూరకుండా దాన్ని రెండు పొరల రేకు డబ్బాలో మూసేశాడు. మనం షీల్డింగ్ అనేది ఇదే. మా బోర్డులో మేం మొదట మర్చిపోయిందీ ఇదే, అది వేరే ఏడుపు.

రిసీవర్‌లో సన్నటి స్ప్రింగుల వరస ఉండేది. స్క్రూతో వాటి ఒత్తిడి, బ్యాటరీతో వోల్టేజీ కొంచెం కొంచెం మారుస్తూ, అది బాగా స్పందించే చోటు పట్టుకునేవాడు. ఇవాళ సర్క్యూట్‌లో బయాస్ పెట్టడం అంటే అదే పని.

నన్ను పట్టేసింది మాత్రం గాజు సంగతి. కటకం కట్టాలంటే వక్రీభవన గుణకం కావాలి. పుస్తకాల్లో గాజుకి వెలుతురు మీద కొలిచిన విలువ ఉంది, సుమారు 1.5. బోస్ దాన్ని వాడేయలేదు. తన తరంగాల మీద తనే కొలిచాడు. 2 దాటింది. గంధకానికీ అలాగే విడిగా కొలిచాడు.

మేం చేసిందేమిటి? ఎఫ్ఆర్4 డేటాషీట్‌లో డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్ 4.7 అని ఉంటే తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో వేశాం. పక్కనే చిన్న అక్షరాల్లో 1 మెగాహెర్ట్జ్ దగ్గర అని రాసి ఉంది. మాది దానికి రెండు వేల రెట్లకు పైగా. అక్కడ ఆ విలువ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. దాంతో పాడైన బోర్డునే కొలబద్ద చేసుకున్నాం. సిమ్యులేషన్‌లో లోయ 2.54కి వచ్చేదాకా ఆ విలువ తగ్గించుకుంటూ పోతే 4.3 చుట్టుపక్కల తేలింది. దాంతో ప్యాచ్ పొడవు మళ్లీ లెక్కేశాం. మీరూ చేస్తుంటే ముందు ఒక చవక బోర్డు ఇందుకోసమే చేయించండి. ఇంకోటి, సిమ్యులేషన్‌లో గాలి డబ్బా గోడలు యాంటెన్నాకి కనీసం పావు తరంగం దూరం ఉండాలి, మనకి 3 సెంటీమీటర్లు.

1895లో కలకత్తా టౌన్‌హాల్లో బోస్ గోడల అవతల గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించాడు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన పరికరాలతోనే ఉపన్యసించాడు. వాటితో డబ్బు చేసుకోవాలని ఆయనకి లేదు. స్నేహితులు వెంటపడితే గెలీనా స్ఫటికం డిటెక్టర్‌కి 1901లో అమెరికాలో దరఖాస్తు పెట్టాడు, 1904లో పేటెంట్ వచ్చింది. దాన్నీ పట్టించుకోలేదు. ఇక్కడ నాకు ఆయన మీద కొంచెం కోపం. ఆ తర్వాత మొక్కల వైపు వెళ్లిపోయాడు. వాటి పెరుగుదలని పదివేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ కట్టాడు, 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. 1937 నవంబర్ 23న గిరిడీలో పోయాడు.

మా రెండో బోర్డు గురువారం వచ్చింది. 2.46.