నోటి మాట నుంచి రాతకు: గిడుగు చూపిన దారి

ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు పటానికి దండ వేసి, వాడుక భాష కోసం పోరాడారని పిల్లలకు చెబుతాం. ఆయన్ను ఆ పోరాటంలోకి దించిన వాటిలో ఇంగ్లీషు పాఠం కూడా ఒకటన్న సంగతి మాత్రం చెప్పం. చింతామణి ప్రాంతంలో తెలుగు మాధ్యమం పిల్లలకు ఇంగ్లీషు రాయడం నేర్పే మాకు ఆయన జీవితంలో ఎక్కువగా పనికొచ్చేది అదే.

రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ అయ్యాక 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి బీఏ పూర్తిచేశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషకు అప్పట్లో లిపి లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని, ముందు విని, తర్వాత మాట్లాడి, ఆ పైన రాసి రామమూర్తి ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు నడిపారు. అడవుల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు వాడిన మందుతో ఆయనకు చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు.

ఆ రోజుల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, ఇంగ్లీషును అనువాదం ద్వారా కాకుండా ఎదుట ఉన్న వస్తువులు చూపి, మాట్లాడించి నేర్పాలని కోరేవారు. తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒకటి, బడిలో రాసేది ఒకటి ఎందుకయిందన్న ప్రశ్న కూడా ఆయన నుంచే వచ్చింది. రామమూర్తి ఆ ప్రశ్నను వదల్లేదు. ఇంగ్లీషు పిల్లలు మాట్లాడే భాషకు దగ్గరి భాషలోనే రాస్తారు. మన పిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో వ్యాసాలు బట్టీ పట్టేవారు. గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లు కూడా కలిసి వచ్చారు. పరీక్షలో వ్యాసం ఏ భాషలో రాయాలన్నదే పెద్ద తగాదా అయింది. 1912 ప్రాంతంలో వాడుక భాషకు దొరికిన అనుమతి, పండితులు గగ్గోలు పెట్టడంతో కొద్ది ఏళ్లకే పోయింది. ఆయన మాత్రం ఊరూరా తిరిగి వాదిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మా తరగతికి వద్దాం. పదో తరగతి పిల్లవాడు గైడులోని సెలవు చీటీని తప్పు లేకుండా రాస్తాడు. ఊరూ పేరూ మార్చి ఇంకో ఉత్తరం రాయమంటే పెన్ను కదలదు. ఒకప్పటి గ్రాంథికం స్థానంలోకి ఇప్పుడు గైడు ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. అందుకే ఇంట్లో పట్టుపురుగులకు ఆకు ఎప్పుడు వేస్తారో, మార్కెట్‌లో టమాటా ధర ఎలా పడిపోయిందో మేము ముందు తెలుగులోనే చెప్పిస్తాం. అవే సంగతులు చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో నోటితో అనిపిస్తాం. ఆ తర్వాతే నాలుగు వాక్యాలు రాయిస్తాం. తప్పులు వస్తాయి. అన్నింటికీ ఎర్ర సిరా పెడితే మర్నాడు మళ్లీ గైడు తెరుస్తారు. కాబట్టి ఒకసారికి ఒక రకం తప్పే దిద్దుతాం.

పిల్లల తల్లిదండ్రులు నోటుబుక్కులో పొడుగాటి వ్యాసం లేదని బాధపడకండి. ఆ నాలుగు వాక్యాలు మీ బిడ్డవి. తెలుగు బడిలో చదివితే ఇంగ్లీషు రాదన్న భయమూ వద్దు. చెప్పాల్సిన సంగతి ముందు ఇంటి భాషలో తేలితేనే ఇంకో భాషలో రాయగలుగుతారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. ఆ వయసులో రామమూర్తి ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. రాష్ట్రాల హద్దు ఎటు జరిగినా పిల్లవాడి నోటి మాటే చదువుకు పునాది అన్నది ఆయన జీవితం చెప్పే పాఠం. హద్దుకు ఇవతల ఉన్న మన బడులకు అది మరీ అవసరం.